గోదావరి గట్టు మీద పన్నెండు వారాలు: మెనోపాజ్ ఆందోళనకు నా నడక డైరీ

నవంబర్ 28, మొదలుపెట్టక ముందు

నాకు 48 ఏళ్లు. రాజమహేంద్రవరంలో తపాలా కార్యాలయం కౌంటర్‌లో ఉద్యోగం. మెనోపాజ్, అంటే ముట్లుడిగే దశ దగ్గరపడి, ఏడాదిన్నరగా నెలసరి దారి తప్పింది. ఒకసారి ఇరవై రోజులకే వస్తుంది, ఇంకోసారి మూడు నెలలైనా రాదు. వచ్చిందంటే పది రోజులు వదలదు. రోజుకు ఏడెనిమిది సార్లు ఒంట్లోంచి ఆవిర్లు. ఇవన్నీ ఎలాగో ఓర్చుకుంటున్నాను. ఓర్చుకోలేకపోతున్నది ఆందోళనను.

మూడు వారాల కిందట సాయంత్రం నగదు లెక్క చూసుకుంటున్నాను. చేతిలో ఐదు వందల నోట్ల కట్ట. ముప్పై దాటగానే అంకె జారిపోయింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను, మళ్లీ జారింది. ఛాతీ దగ్గర మొదలైన వేడి మెడ మీదుగా చెవుల దాకా పాకింది. వేళ్ల చెమటకు నోట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. గుండె గొంతులో కొట్టుకుంటున్నట్లుంది. చివరికి లెక్క పైసాతో సహా సరిపోయింది. అయినా ఆ రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, ఎక్కడ తప్పు చేశానో అని తెల్లవార్లూ పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఆ తర్వాత నుంచి సాయంత్రం ఐదవుతోందంటేనే భయం.

డాక్టరమ్మ ముందు రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ ఎక్కువైనా దడ, చెమటలు, కంగారు అచ్చంగా ఇలాగే ఉంటాయట. రక్తం తక్కువైనా గుండె దడదడలాడుతుందట. థైరాయిడ్ బాగానే ఉంది, ఈసీజీ బాగుంది, స్కానింగ్‌లో భయపడాల్సింది ఏమీ లేదు. హిమోగ్లోబిన్ మాత్రం 9.8. కనీసం 12 ఉండాలి. ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఆవిర్లకు హార్మోన్ చికిత్స అన్నిటికంటే బాగా పనిచేస్తుందని, నా వయసుకు, ఆరోగ్యానికి దాని గురించి ఆలోచించవచ్చని చెప్పారు. నేను మూడు నెలలు గడువు అడిగాను. "సరేనమ్మా, ఆ మూడు నెలలూ ఊరికే కూర్చోకండి. రోజూ నడవండి" అన్నారు.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఫిజియోథెరపీ చదువుతోంది. "నడకతో ఆవిర్లు తగ్గిపోతాయని మాత్రం ఆశ పెట్టుకోకమ్మా" అని ముందే చెప్పింది. వ్యాయామం వల్ల ఆవిర్లు తగ్గుతాయనడానికి చాలినంత ఆధారం లేదని 2014లో కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి బేరీజు వేసేది) తేల్చిందట. అదే ఏడాది ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో ఆడవాళ్లతో పన్నెండు వారాలు ఏరోబిక్ వ్యాయామం, అంటే గుండె వేగం పెంచే వ్యాయామం చేయించారు. ఆవిర్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. నిద్రలో, దిగులు విషయంలో మాత్రం కొద్దిపాటి మేలు కనిపించింది. ఇది విన్నాక నాకు నమ్మకం తగ్గలేదు, పెరిగింది. అన్నీ తగ్గుతాయని ఊదరగొట్టే వీడియోలు చూసి చూసి విసిగిపోయి ఉన్నాను. నాకు కావలసింది నిద్ర, కాస్త ధైర్యం. నేను కూడా పన్నెండు వారాలే పెట్టుకున్నాను.

రోజూ రాసుకునేవి నాలుగు: ఎన్ని నిమిషాలు నడిచాను, నాడి ఎంత, ఆవిర్లు ఎన్ని, రాత్రి ఎన్నిసార్లు లేచాను. రెండు వారాలకోసారి జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పత్రం నింపాలి. గడచిన రెండు వారాల్లో కంగారు, ఆపుకోలేని ఆలోచనలు, ఏదో కీడు జరుగుతుందన్న భయం ఎన్ని రోజులు ఉన్నాయో చెబితే ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు. మొత్తం 21. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరుకు చెప్పవలసిన స్థాయి. ఈ రోజు నాకు 14 వచ్చింది.

మొదటి వారం, డిసెంబర్ 1 – 7

రోజుకు పది నిమిషాలు, ఐదు రోజులు. మొత్తం 50 నిమిషాలు.

పక్కింటి వదినగారు తోడు వస్తానన్నారు. ఆవిడకు 56 ఏళ్లు. తెల్లవారుజామున ఐదున్నరకు పుష్కర ఘాట్ దగ్గర మంచు ఎంత దట్టంగా ఉందంటే, వంతెన మీద రైలు వెళుతున్న చప్పుడు వినబడుతోంది గానీ రైలు కనబడటం లేదు. ఇంత చలిలోనూ నాకు ఆవిరి వచ్చింది. శాలువా తీసి చేతికి ఇచ్చాను, రెండు నిమిషాలకు ఒళ్లు చల్లబడి వణుకు పుడితే మళ్లీ కప్పుకున్నాను. వదినగారు ఏమీ అడగలేదు. శాలువా అందుకోవడం, అందించడం, అంతే.

నడక ఆపగానే నాడి 96. "మరీ నెమ్మది. కానీ ఈ వారం వేగం గురించి ఆలోచించకు, వెళ్లి రావడం అలవాటైతే చాలు" అంది అమ్మాయి.

రెండో వారం, డిసెంబర్ 8 – 14

60 నిమిషాలు.

నాడి చూడటం సరిగ్గా నేర్చుకున్నాను. బొటనవేలి వైపు మణికట్టు మీద చూపుడు వేలు, మధ్యవేలు ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు, దానికి సొంత నాడి ఉంటుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. 220లోంచి వయసు తీసేస్తే 172, గుండె వేగానికి సుమారు పైహద్దు అది. అందులో 64 నుంచి 76 శాతం మధ్యలో ఉంటే మధ్యస్థ వ్యాయామం. అంటే నాకు 110 నుంచి 130.

నడుస్తూ నడుస్తూ ఆగి లెక్కపెట్టడం కుదరదు. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి అన్నది సులువైన గుర్తు. నేను దాన్ని పదమూడో ఎక్కంగా మార్చుకున్నాను. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్లు ఇరవై ఆరు, పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది అని ఒక్క ఊపిరిలో మూడు వరసలు వస్తే వేగం సరిపోయింది. ఎక్కమంతా తీరిగ్గా వస్తే ఇంకా వేగం పెంచాలి. ఒక్కో వరసకూ ఊపిరి తెగితే తగ్గించాలి. కరెంటు స్తంభం వచ్చినప్పుడల్లా ఎక్కం. నాడితో సరిచూశాను, మూడు వరసలు వచ్చే వేగానికి 114, 118, 112 వచ్చాయి. బడిలో బట్టీ పట్టింది ఇన్నాళ్లకు ఇలా అక్కరకొచ్చింది.

జీఏడీ-7: మళ్లీ 14.

మూడో వారం, డిసెంబర్ 15 – 21

70 నిమిషాలు. ఒక చెడ్డ రోజు.

ధనుర్మాసం మొదలైంది. గుళ్ల మైకులతో గట్టంతా నాలుగింటికే మేలుకుంటోంది. 18వ తేదీన ఉత్సాహం ఆపుకోలేక వేగం పెంచాను, ఆపైన ఘాట్ మెట్లు గబగబా రెండుసార్లు ఎక్కి దిగాను. మూడోసారి సగంలో ఉండగా ఆవిరి కమ్మింది. ఆవిరి వేడి, ఎక్కిన వేడి రెండూ కలిసి చెవుల్లో హోరు. గుండె ఎలా కొట్టుకుందంటే, ఇదే చివరి రోజు అనుకున్నాను. మెట్టు మీద కూలబడ్డాను. రాయి చల్లగా, తడిగా ఉంది. రెండు అరచేతులూ దాని మీద ఆనించి కూర్చున్నాను. వదినగారు వీపు మీద చేయి వేసి, "నోటితో నెమ్మదిగా వదలండి, తొందరేమీ లేదు" అంటూనే ఉన్నారు. నాడి 148. ఐదు నిమిషాలకు 104. పది నిమిషాలకు 88.

ఆ మూడు అంకెలూ అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో అప్పుడు తెలియదు.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఇలా కూర్చుని లెక్కపెట్టకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నాకు అవేవీ లేవు. అయినా మర్నాడు డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. మెట్లు మానేసి సమతలం మీదే నడవమన్నారు.

నాలుగో వారం, డిసెంబర్ 22 – 28

30 నిమిషాలు మాత్రమే. మడమ నొప్పి. ఇన్నాళ్లూ రబ్బరు చెప్పులతో నడిచాను. పొద్దున మంచం దిగి కాలు నేల మీద మోపితే మేకు గుచ్చినట్లుంది. బూట్లు కొన్నాను, వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండేలా. చీర మానేసి చుడీదార్. ఈ రెండూ మొదటి రోజే చేయవలసింది.

జీఏడీ-7: 12.

ఐదో వారం, డిసెంబర్ 29 – జనవరి 4

80 నిమిషాలు. మడమ నయం.

ఈ వారం రాయాల్సింది చాలా ఉంది. 18వ తేదీ సంగతి అమ్మాయితో వివరంగా మాట్లాడాను. మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒంటి వేడిని అదుపులో ఉంచే ఏర్పాటు ఉంది. మామూలుగా ఒంటి వేడి కాస్త అటూ ఇటూ అయినా అది పట్టించుకోదు. ఈస్ట్రోజన్ అనే ఆడవాళ్ల హార్మోన్ తగ్గే రోజుల్లో ఆ సందు బాగా ఇరుకైపోతుంది. రవ్వంత వేడి పెరిగినా ఒళ్లు మండిపోతున్నట్లు భ్రమపడి, చర్మంలోని రక్తనాళాలను తెరిచేస్తుంది, చెమట పట్టిస్తుంది, గుండె వేగం పెంచుతుంది. అంటే దడ ముందు వస్తుంది. దానికి కారణం వెతుక్కుంటూ భయం వెనకాల వస్తుంది. నోట్ల లెక్క తప్పిందేమో, అమ్మాయికి ఏమైనా అయిందేమో, నాకే గుండెపోటేమో. మనసు తోచిన కారణాన్ని అతికించేస్తుంది.

"నీకు గుండె కొట్టుకోవడమంటేనే భయం పట్టుకుంది అమ్మా. నడకలో అదే గుండెను నువ్వే కావాలని వేగంగా కొట్టుకునేలా చేస్తున్నావు. అది దానంతటదే దిగడం రోజూ చూస్తున్నావు. చూడగా చూడగా ఒంటికి తెలుస్తుంది" అంది. ఆందోళనకు చేసే చికిత్సల్లో ఇదొక పద్ధతట. భయపెట్టే ఒంటి గుర్తులను ప్రమాదం లేని చోట కావాలని తెచ్చుకుని వాటితో పరిచయం పెంచుకోవడం.

ఫోన్ పెట్టేశాక నా అరచేతి అంకెలు గుర్తొచ్చాయి. 148, 104, 88. ఆ రోజు గుండె ఆగిపోతుందనుకున్నాను. అది మాత్రం తన పని తాను చేసుకుని కిందికి దిగింది.

ఇప్పటి నుంచి నడక ఆపాక నాడి దిగడం కూడా రాసుకుంటున్నాను. ఆపగానే ఒకటి, రెండు నిమిషాలకు ఒకటి, ఐదు నిమిషాలకు ఒకటి. 120, 98, 86. 116, 96, 84. ఎన్ని నిమిషాలు నడిచానన్నదాని కంటే నాకు ఈ వరసే ముఖ్యమైపోయింది.

ఆరో వారం, జనవరి 5 – 11

100 నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు నిమ్మళంగా, చివరి ఐదు నిమిషాలు ఇంకా నిమ్మళంగా. చివరిది మానేస్తే నాకు ఆవిరి ఖాయం. మూడుసార్లు గమనించాను.

వదినగారు ఈ వారం తన సంగతి చెప్పారు. 34వ ఏట గర్భసంచి తీసేశారట, అండాశయాలతో సహా. నడుంనొప్పి, తెల్లబట్ట అని వెళితే తీసేయడమే మంచిదన్నారట. "ఆపరేషన్ అయిన నెలలోపే నాకీ ఆవిర్లు, ఏడుపు మొదలయ్యాయండి. అత్తగారు గాలి సోకిందన్నారు. ముట్లుడిగిపోయాయని ఎవరూ చెప్పలేదు. నాకు పదేళ్ల తర్వాత తెలిసింది" అన్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశం మొత్తం మీద మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ. ఆ అంకె చదివినప్పుడు అది అంకెగానే అనిపించింది. ఇప్పుడు దానికొక ముఖం ఉంది, రోజూ నా శాలువా పట్టుకునే చెయ్యి ఉంది. అండాశయాలు తీసేస్తే మార్పు మెల్లగా రాదు, ఒక్క రోజులో మీద పడుతుంది. ముప్పై నాలుగేళ్ల పిల్లకు ఆ మాట చెప్పి పంపాల్సిన బాధ్యత ఎవరికీ లేకపోయింది. నాకు చాలా కోపం వచ్చింది, ఇంకా ఉంది.

ఆ రోజు మేమిద్దరం ఎక్కాలు చెప్పలేదు. ఆవిడ చెబుతూ నడిచారు, నేను వింటూ నడిచాను. ఇంటికొచ్చి చూస్తే నడక పది నిమిషాలు ఎక్కువైంది.

జీఏడీ-7: 13. ఒకటి పెరిగింది. వారం ఆఖరున నెలసరి వచ్చింది. అందువల్లనేమో.

ఏడో వారం, జనవరి 12 – 18

60 నిమిషాలు. సంక్రాంతికి కోనసీమ, మా అత్తగారి ఊరు. కాలువ గట్టు మీద రెండు రోజులు నడిచాను. మిగతా రోజులు అరిసెలు, చుట్టాలు. నడవని రోజుల్లో రాత్రి మూడేసి సార్లు లేచాను. నడిచిన రెండు రోజులూ ఒక్కోసారే.

ఎనిమిదో వారం, జనవరి 19 – 25

110 నిమిషాలు. జీఏడీ-7: 9. మొదటిసారి పది కిందికి దిగింది.

ఆఫీసులో ఆలస్యమై, పొద్దున లేవలేని రోజులకు ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాను. మేడ మెట్లలో కింది మెట్టు ఒక్కటే ఎక్కడం, దిగడం. కుడి కాలు, ఎడమ కాలు, దించు, దించు. పక్కన గోడకు చేయి అందేలా. పదిహేను నిమిషాలకు నాడి 112 వస్తోంది. గట్టు మీద గాలి, వెలుతురు ఇందులో లేవు. కానీ ఏమీ చేయకపోవడం కంటే చాలా మేలు.

తొమ్మిదో వారం, జనవరి 26 – ఫిబ్రవరి 1

125 నిమిషాలు.

29వ తేదీ రాత్రి 2.10. వీపంతా తడిసి మెలకువ వచ్చింది. దడ. వెంటనే ఆలోచన: సాయంత్రం ఒక మనీ ఆర్డర్ రసీదు మీద తేదీ తప్పు వేశానా? లేచి కూర్చున్నాను. మావారు నిద్రలో ఉన్నారు. గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండు వేళ్లు మణికట్టు మీదికి వాటంతటవే వెళ్లాయి. పదిహేను సెకన్లకు 26. అంటే 104.

నూట నాలుగు నాకు తెలిసిన అంకె. మార్కండేయస్వామి గుడి దాటి, నది పూర్తిగా కనబడే చోటికి వచ్చేసరికి నా గుండె ఉండే వేగం అది. రోజూ అక్కడ పదమూడో ఎక్కం చెబుతూ, కొంగల్ని చూస్తూ నడుస్తాను. అదే వేగం ఇప్పుడు మంచం మీద కూర్చుని ఉండగా వచ్చింది, అంతే తేడా. రెండు నిమిషాలకు మళ్లీ చూశాను, 92. ఐదు నిమిషాలకు 80. రసీదు సంగతి పొద్దున చూద్దామనుకున్నాను. నైటీ మార్చుకుని, దిండు తిప్పి వేసుకుని పడుకున్నాను. మళ్లీ లేచేసరికి అలారం మోగుతోంది.

రసీదు మీద తేదీ సరిగ్గానే ఉంది. అది కాదు నేను ఇక్కడ రాయాలనుకున్నది. తేదీ తప్పే అయి ఉన్నా ఆ రాత్రి నేను పడుకోగలిగేదాన్ని.

పదో వారం, ఫిబ్రవరి 2 – 8

140 నిమిషాలు. జీఏడీ-7: 8. హిమోగ్లోబిన్ 11.4 అయింది. నిస్సత్తువ పోయిందంటే అందులో ఐరన్ మాత్రల వాటా ఎంతో, నడక వాటా ఎంతో విడదీసి చెప్పలేను. చదివేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. రక్తం తక్కువగా ఉండి నడక మాత్రమే మొదలుపెడితే ఆయాసమే మిగిలేది.

ఆవిర్లు మాత్రం రోజుకు ఆరేడు. అమ్మాయి చెప్పినట్లే జరిగింది.

పదకొండో వారం, ఫిబ్రవరి 9 – 15

130 నిమిషాలు. శివరాత్రికి కోటిలింగాల ఘాట్ వైపు జనం పోటెత్తారు. ఆ రోజు నడక లేదు, స్నానం చేసి వచ్చాం. ఉపవాసం ఉన్న రోజు వేగంగా నడవవద్దని వదినగారే నన్ను ఆపారు.

కౌంటర్ దగ్గర ఒకామె, నలభై నాలుగేళ్లు ఉంటాయేమో, పొదుపు పుస్తకంలో నమోదు చేయించుకోవడానికి వచ్చి, పైట చెంగుతో విసురుకుంటూ "ఫ్యాన్ ఆగిపోయిందా అండీ?" అంది. ఫ్యాన్ తిరుగుతోంది. ఆమె మెడ మీద ఎర్రగా మచ్చలు మచ్చలుగా పొంగింది. వెనక వరసలో ఎవరూ లేరు. నా మంచినీళ్ల సీసా ఇచ్చి కూర్చోమన్నాను. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. కళ్ల నీళ్లు పెట్టుకుంది. డాక్టరుకు చూపించుకున్నావా, రక్తం ఎంత ఉందో తెలుసా అని అడిగాను. దేనికీ జవాబు లేదు. మా డాక్టరమ్మ ఉండే వీధి చెప్పాను, మనసు బాగా కుంగితే ఏ వేళనైనా మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416 కాగితం మీద రాసిచ్చాను. పొద్దున ఐదున్నరకు మేము ఎక్కడ కలుస్తామో కూడా.

పన్నెండో వారం, ఫిబ్రవరి 16 – 22

150 నిమిషాలు. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు వారానికి కనీసం ఇంత మధ్యస్థ వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. మొదటి వారమే ఇది లక్ష్యంగా పెట్టుకుని ఉంటే మూడో రోజుకే మానేసేదాన్ని. మొత్తం పన్నెండు వారాలకు 1,105 నిమిషాలు. రాత్రి లేవడం మూడు నాలుగు సార్ల నుంచి ఒకటికి, కొన్ని రాత్రులు సున్నాకు వచ్చింది. ఆవిర్లు ఆరు. జీఏడీ-7: 6.

అవే మార్గదర్శకాలు వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా చేయమంటాయి. ఈస్ట్రోజన్ తగ్గాక ఎముకలు గుల్లబారే వేగం పెరుగుతుంది గనక అది కూడా మొదలుపెట్టాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం పదిసార్లు, గోడను నెట్టడం పదిసార్లు. మార్చి నుంచి.

ఆవిర్ల గురించి డాక్టరమ్మను 25న కలుస్తున్నాను. హార్మోన్ చికిత్స గురించి ఈసారి వివరంగా అడుగుతాను. ప్రశ్నలు రాసిపెట్టుకున్నాను. నవంబర్‌లో గడువు అడిగింది భయంతో. ఇప్పుడు వెళుతున్నది భయంతో కాదు. వదినగారిని కూడా వెంట తీసుకెళుతున్నాను. ఇన్నేళ్లలో ఆవిడ ఎముకల సాంద్రత ఎవరూ పరీక్షించలేదు.

ఎండలు ముదురుతున్నాయి. వచ్చే నెల నుంచి నడక ఐదింటికే. ఈ పొద్దున పుష్కర ఘాట్ దగ్గర మాకంటే ముందే ఒకామె నిలబడి ఉంది. చేతిలో నేను రాసిచ్చిన కాగితం, కాళ్లకు రబ్బరు చెప్పులు. ముందు చెప్పుల సంగతి చెప్పాను.